సముద్రానికి ఐసు పోసిన మంత్రిగారు

ఇకమీదట సముద్రం ఊరికే పడి ఉండడానికి వీల్లేదని ఇంధన, సాగర, ఉష్ణ తారతమ్య శాఖల మంత్రి గౌరవనీయులు బెల్మీరు క్వారెష్మాగారు ప్రకటించారు. మా ఊరు కోంషా ఒడ్డున, ఇసకలో పరిచిన ఎర్ర తివాచీ మీద నిలబడి, సముద్రం వైపు తిరిగి ఈ ప్రకటన చేశారు. మేమంతా ఆయన వీపు వైపు కూర్చుని విన్నాం. సముద్రం అభ్యంతరం చెప్పలేదు. దాన్ని అంగీకారంగా రాసుకోమని సెక్రటరీ ఫౌష్టీనుగారు నాకు సైగ చేశారు. నేను ప్రభుత్వ దినపత్రిక 'దీవి దీపం'కి కోంషా విలేకరిని. రాసుకున్నాను.

తర్వాత మంత్రిగారు మా వైపు తిరిగారు.

"అన్నలారా, అక్కలారా! సముద్రం పైన వేడిగా ఉంటుంది. అడుగున, వెయ్యి మీటర్ల కింద, చల్లగా ఉంటుంది. వేడికీ చలికీ మధ్య ఉన్న తేడాలోంచి కరెంటు తీస్తాం. వేరే దేశాల వాళ్ళు తేడాల కోసం వెతుక్కుంటున్నారు. మన దేశంలో తేడాలకి కొదవా?"

వేదిక మీదున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. కింద ఇసకలో ఉన్నవాళ్ళు కూడా నిజమేనన్నట్టు తలలూపారు.

ముందు వరసలోంచి జుల్మీరా లేచింది. కోంషాలో ఐసు ఫ్యాక్టరీ ఆవిడదే. చేపలమ్మే ఆడవాళ్ళందరికీ ఆవిడ మాటే మాట.

"ఆ కరెంటు ఎన్ని గంటలుంటుంది బాబూ?"

"ఇరవై నాలుగు గంటలు తల్లీ!"

"రోజుకా, ఏడాదికా?"

మంత్రిగారు చాలా హాయిగా నవ్వారు. ఆయనకు హాస్యమంటే ఇష్టం. ఆవిడ హాస్యమాడలేదన్న సంగతి మాత్రం ఆయనకు తెలియదు. మా ఊరు కరెంటు తీగకు చిట్టచివర ఉంది. రాజధాని వాడుకోగా మిగిలింది మాకొస్తుంది. రాజధాని అంత తేలిగ్గా మిగల్చదు. ఐసు లేక వారానికోసారైనా చేపలు కుళ్ళిపోతాయి. అప్పుడు ఒడ్డంతా కూర్చుని ఉప్పేసుకుంటాం. ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే, ముక్కు మూసుకునే, "మెల్లమెల్లగా" అంటాం.

సముద్రపు మిషను ఓడలో వచ్చింది. దానితో పాటు ఇంజనీరు ఇవొనీల్డా కూడా వచ్చింది. బయటి దేశంలో ఇదే చదువు చదివి, అక్కడ ఉద్యోగం ఇస్తామన్నా వద్దని వచ్చేసిన పిల్ల. మిషనును ఒడ్డు మీద సిమెంటు దిమ్మకు బిగిస్తుంటే చేపల ఆడవాళ్ళు చుట్టూ మూగారు. ఆమె ఓపిగ్గా చెప్పింది.

"దీంట్లో అమ్మోనియా ఉంటుందక్కా. పైనీళ్ళ వేడి తగిలితే చాలు, ఉడికిపోయి ఆవిరవుతుంది. ఆ ఆవిరి చక్రాన్ని తిప్పుతుంది. తర్వాత అడుగునీళ్ళ చల్లదనం తగిలి మళ్ళీ నీళ్ళలా అయిపోతుంది. మళ్ళీ ఉడుకుతుంది. డీజిలు అక్కర్లేదు, పొగ ఉండదు."

"అచ్చం మా ఆయనలాగే," అంది జుల్మీరా. "ఊరికే ఉడుకుతాడు, ఊరికే చల్లబడతాడు. ఆయనతో ఎందుకు రాదు కరెంటు?"

"బావగారికి చక్రం బిగించలేదు కదక్కా."

ఆ రోజు నుంచి ఇవొనీల్డా మా ఊరి పిల్ల అయిపోయింది. ఆమెకు ఏ ఇంట్లో కాల్చిన చేప దొరుకుతుందో, ఏ ఇంట్లో సీమపనస దొరుకుతుందో ఊళ్ళో అందరికీ తెలుసు.

ఒక్కటే చిన్న లోటు. మిషను వచ్చింది కానీ అడుగునీళ్ళు తెచ్చే పైపు రాలేదు. అది ఇంకో దేశపు రేవులో, ఇంకో ఓడ కోసం ఎదురుచూస్తోంది. జాతీయ దినోత్సవం మాత్రం ఎవరికోసమూ ఎదురుచూడదు. ఆ రోజున అధ్యక్షులవారి చేతుల మీదుగా ప్రారంభోత్సవమని మంత్రిగారు అప్పటికే రేడియోలో చెప్పేశారు.

"పైపు రానిదే మిషను తిరగదు సార్," అంది ఇవొనీల్డా.

"పైపెందుకమ్మాయ్?"

"చల్లటి నీళ్ళకి సార్."

మంత్రిగారు ఆమె వైపు జాలిగా చూశారు. "చల్లటి నీళ్ళ కోసం సముద్రం అడుక్కి పోవాలా? ఫౌష్టీనూ! మనింట్లో చల్లటి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి?"

"ఫ్రిజ్‌లోంచి సార్."

"చూశావా? చదువెక్కువైతే ఇదే చిక్కు. దగ్గరున్నది కనపడదు."

గొప్పవాళ్ళకు ఆలోచనలు ఇలాగే వస్తాయి. మర్నాడే జుల్మీరా ఫ్యాక్టరీలోని ఐసునంతా జాతి ప్రయోజనం కోసం స్వాధీనం చేసుకున్నారు. మిషను పక్కన ఒక సిమెంటు తొట్టి కట్టించారు. దానిలో సముద్రపు నీళ్ళు పోసి, ఐసు దిమ్మలు వేసి, ఆ నీటిని మిషనుకు పట్టించారు. మిషను కాసేపు మూలిగింది, తర్వాత చక్రం కదిలింది. ఒక బల్బు, అదీ నిద్రమత్తులో ఉన్నట్టు, వెలిగింది.

"వెలిగింది!" అన్నారు మంత్రిగారు.

"ఐసు కరిగేదాకే సార్," అంది ఇవొనీల్డా.

"అయితే కరక్కుండా వేస్తూ ఉండండి."

వేస్తూ ఉన్నారు. ఈలోగా పడవలు వచ్చాయి. చేపలు దిగాయి, ఐసు లేదు. ఎండకు చేపల కళ్ళు తెల్లబడ్డాయి. ఆడవాళ్ళు గంపలు నెత్తికెత్తుకుని నేరుగా మంత్రిగారి విడిదికి వెళ్ళి, వరండాలో దించారు. ఆ వాసన గురించి నేను పత్రికలో 'సముద్ర తీరపు సహజ పరిమళం మధ్య మంత్రిగారు ప్రజలతో ముచ్చటించారు' అని రాశాను.

"మీరే తినండి బాబూ," అంది జుల్మీరా. "మా ఐసు మీరు తీసుకున్నారు. మా చేపలూ మీరే తీసుకోండి. మొగుళ్ళని కూడా పంపమంటారా?"

మంత్రిగారు చేతిరుమాలుతో ముక్కు మూసుకుని లోతుగా ఆలోచించారు. ఎక్కువసేపు ఆలోచించే వీలు లేదు, గాలి అటు నుంచే వీస్తోంది. సాయంత్రానికల్లా రాజధాని నుంచి ఒక పెద్ద డీజిలు జనరేటరు, దాని వెనకాల డీజిలు ట్యాంకరు బయల్దేరాయి. ఐసు ఫ్యాక్టరీ రాత్రీ పగలూ నడవాలి, మిషనుకూ సరిపోవాలి, చేపలకూ సరిపోవాలి అని ఆజ్ఞ.

జనరేటరు దిగగానే ఇవొనీల్డా దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"సార్, దీన్ని నేరుగా ఊరి తీగలకి కలిపితే ప్రతి ఇంట్లోనూ దీపం వెలుగుతుంది. మనం దీంతో ఐసు చేసి, ఆ ఐసుని తొట్లో పోసి, ఒక్క బల్బు వెలిగిస్తున్నాం."

"అది డీజిలు కరెంటమ్మాయ్. ఆ బల్బుది సముద్రపు కరెంటు. రెంటినీ ఒకే గాటన కట్టకు."

జుల్మీరా మాత్రం ఎవరూ చూడకుండా జనరేటరు నుంచి ఒక తీగ ఊళ్ళోకి లాగించింది. ఊరంతా దీపాలు వెలిగాయి. రేడియోలు పాడాయి. కల్లు కూడా చల్లగా తాగొచ్చని మా ఊరి మగవాళ్ళకు అప్పుడే తెలిసింది. సముద్రపు కరెంటు చాలా గొప్పదని ఊరు ఊరంతా ఒప్పుకుంది.

ప్రారంభోత్సవం మహా వైభవంగా జరిగింది. ఒక పైపు ముక్కకు నీలం రంగు వేసి, ఒక కొస మిషను దగ్గరా, ఇంకో కొస అలల కింద ఇసకలోనూ పాతారు. అధ్యక్షులవారు వయసులో పెద్దవారు, నిదానస్తులు. పైపు మీద చెవి ఆనించి చాలాసేపు విన్నారు.

"ఏదో పగులుతున్నట్టు వినపడుతోందయ్యా," అన్నారు.

తొట్టిలో ఐసు పగులుతోంది.

"సముద్ర గర్భం అధ్యక్షా!" అన్నారు మంత్రిగారు.

అధ్యక్షులవారి కళ్ళు చెమర్చాయి. మీట నొక్కారు. ఆ రోజుకని రెట్టింపు ఐసు వేశారేమో, వరసగా కట్టిన రంగు బల్బులన్నీ వెలిగాయి. బ్యాండు మోగింది. జుల్మీరా ఐసు కొడుతున్న వాళ్ళ మీద అరుస్తున్న అరుపులు బ్యాండులో కలిసిపోయాయి. క్వారెష్మాగారికి అక్కడికక్కడే జాతీయ పతకం తగిలించారు. పక్క దేశాల రాయబారులు వచ్చి పైపును తాకి చూసి, చల్లగా ఉందని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు.

అంతా సవ్యంగా సాగిపోతుండగా, అసలు పైపు వచ్చేసింది.

అది నల్లటి ప్లాస్టిక్ పైపు. మనిషి వంగి దూరగలిగేంత లావు, ఊరి ఆ కొస నుంచి ఈ కొస దాకా పోయి ఇంకా మిగిలేంత పొడుగు. రెండు కొసలూ మూసి, నీళ్ళ మీద తేలేట్టు చేసి, ఓడ వెనకాల లాక్కొచ్చి మా అఖాతంలో వదిలిపెట్టారు. ఎవరో ఒకరు తీసుకున్నట్టు సంతకం చేయాలి. ఇవొనీల్డా పరుగున రాజధానికి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను, వార్త కదా అని.

"మన పైపు వచ్చింది సార్!"

మంత్రిగారు పతకం తుడుచుకుంటున్నారు. "ఏ పైపు?"

"అడుగునీళ్ళ పైపు సార్. వెయ్యి మీటర్ల లోతుకి పోయేది."

"అది ఇప్పటికే సముద్రంలో ఉందిగా?"

"లేదు సార్. అది..."

"అధ్యక్షులవారు చెవి పెట్టి విన్నారమ్మాయ్. ఆయన చెవులు అబద్ధమాడతాయంటావా?"

"మరి అఖాతంలో తేలుతున్న పైపు ఎవరిది సార్?"

మంత్రిగారు ఫౌష్టీనుగారి వైపు చూశారు. ఫౌష్టీనుగారు కిటికీ వైపు చూశారు. చివరికి మంత్రిగారే తేల్చారు. "మనది కాదు. వేరే దేశపు పైపు దారి తప్పి వచ్చి ఉంటుంది. అతిథి కాబట్టి ఏమీ అనకండి."

అలా ఆ పైపు మా అఖాతంలో ఎవరిదీ కాకుండా ఉండిపోయింది. రోజుకో పడవ దాన్ని గుద్దుకునేది. వలలు చుట్టుకునేవి. మా బెస్తపెద్ద అంబ్రోజియు ఒక రోజు చిరిగిన వల భుజాన వేసుకుని, ఇవొనీల్డా ఇంటి ముందుకొచ్చి కేకలేశాడు.

"ఏమ్మా ఇంజనీరమ్మా! ఆ నల్ల పాముని తీయిస్తావా, నన్ను గొడ్డలి తెచ్చుకోమంటావా?"

"తీయడం నా వల్ల కాదు మామా."

"మరి?"

"ముంచడం మాత్రం తెలుసు."

అంబ్రోజియు వల దించాడు. ఆమె ఇసక మీద కూర్చుని వేలితో గీసి చూపించింది. ఇది ఒడ్డు, ఇది అడుగు నిటారుగా దిగిపోయే చోటు. బరువులు ఇక్కడ కట్టాలి. ఒక కొస తెరిచి నీళ్ళు నింపుతూ, రెండో కొస ఒడ్డున గట్టిగా పట్టుకోవాలి. తొందరపడితే విరుగుతుంది. అంబ్రోజియు గీతలన్నీ చూసి, "ఇదంతా వల వేసినట్టేగా," అన్నాడు. "కాకపోతే ఒకే దారం."

మర్నాడు కోంషా పడవలన్నీ అఖాతంలో ఉన్నాయి. ఇవొనీల్డా అంబ్రోజియు పడవలో నిలబడి, తలకు ఎర్ర గుడ్డ కట్టుకుని, గొంతు పోయేదాకా అరిచింది. "మెల్లగా! మెల్లమెల్లగా!" మా ఊరివాళ్ళకు ఆ మాట రెండోసారి చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఒక్కో బరువూ జారుతుంటే పైపు వంగి, తల వంచి, నీళ్ళలోకి వెళ్ళింది. చివరి తునక మునిగిపోగానే అఖాతం ఖాళీ అయిపోయింది. పడవల్లో వాళ్ళు ఎందుకో ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఎవరో పాటందుకున్నారు. ఆమె ఎర్ర గుడ్డలో మొహం పెట్టుకుని ఏడ్చేసింది.

ఒడ్డు కొసను మిషనుకు బిగించి, పంపు నడిపారు. ముందు గాలి వచ్చింది. తర్వాత బురద వచ్చింది. తర్వాత నీళ్ళొచ్చాయి. జుల్మీరా చెయ్యి పెట్టి, కెవ్వున వెనక్కి లాక్కుంది.

"అమ్మ బాబోయ్! నా ఐసుకంటే చల్లగుంది! ఎవరు చేస్తున్నారే దీన్ని కింద?"

మిషను ఈసారి మూలగలేదు. పాడింది. పూర్తి చల్లదనం దొరికాక దాని అసలు బలం బయటపడింది. ఊరి దీపాలన్నీ వెలిగాయి, ఐసు ఫ్యాక్టరీ నడిచింది, పంపులూ దాని కరెంటుతోనే తిరిగాయి. జనరేటరు ఆపేశారు. అది ఆగాక ఊళ్ళో వినపడిన నిశ్శబ్దానికి కుక్కలు కంగారుపడి మొరిగాయి. జుల్మీరా ఐసునంతా చేపల గంపల్లోకే పంపింది. ఆ వారం మా ఊళ్ళో ఎవరూ ఉప్పు కొనలేదు.

ఇవొనీల్డా మంచి పిల్ల. మంచివాళ్ళందరూ చేసే పనే చేసింది. నేరుగా వెళ్ళి మంత్రిగారికి సంతోషంగా చెప్పింది.

"ఐసు లేకుండా తిరుగుతోందా?" మంత్రిగారి మొహం పాలిపోయింది. "ఎలా?"

"పైపు వల్ల సార్."

"పైపు మొదట్నుంచీ ఉందిగా. మరి మొదట్లో ఐసెందుకు పోశావ్?"

"మొదట్లో పైపు లేదు సార్."

అధ్యక్షులవారి చెవి అందరికీ గుర్తుకొచ్చినట్టుంది.

"ఫౌష్టీనూ," అన్నారు మంత్రిగారు చివరికి, "మిషను తిరుగుతోంది. మిషను తిరగాలంటే ఐసుండాలి. తొట్లో ఐసు లేదు. అంటే ఏమిటి?"

"ఎవరో ఎత్తుకుపోతున్నారు సార్."

ఏకసభ్య విచారణ సంఘం మా ఊరు వచ్చింది. ఆ ఏక సభ్యుడు ఫౌష్టీనుగారే. ఖాళీ తొట్టిలోకి తొంగిచూశారు. తిరుగుతున్న మిషనును చూశారు. చేపల గంపల్లో ఐసును చూసి, "ఇదేమిటి?" అని జుల్మీరాని అడిగారు.

"ఐసు బాబూ."

"ఎక్కడిది?"

"నా ఫ్యాక్టరీది. ఐసు ఫ్యాక్టరీలో ఐసు కాక ఏడుపు ఉంటుందా?"

రాజ్యానికి చెందిన చల్లదనాన్ని దారి మళ్ళించిన నేరానికి ఇవొనీల్డాని ఉద్యోగంలోంచి సస్పెండ్ చేశారు. సాక్ష్యంగా ఒక ఐసు దిమ్మను గోనెలో చుట్టి, సీలు వేసి, రాజధానికి తీసుకెళ్ళారు. అక్కడ గోనె విప్పితే తడి తప్ప ఏమీ లేదట. కేసు నిలవలేదు. సస్పెన్షను మాత్రం నిలిచింది. దాన్ని ఎత్తెయ్యాలంటే సాక్ష్యం చూపించాలన్నారు.

ఆమె ఊరు వదిలి వెళ్ళలేదు. జుల్మీరా ఫ్యాక్టరీలో కంప్రెసరు చూసుకుంటూ ఉండిపోయింది.

"బయటి దేశంలో ఉద్యోగం వద్దని వచ్చావు, ఈ ఉద్యోగమూ పోయింది. బాధగా లేదూ?" అని ఒకసారి అడిగాను.

"బాధే," అంది. తర్వాత తలుపు అవతల ఒడ్డు వైపు చెవి పెట్టి, "కానీ విను. ఎంత బాగా పాడుతోందో!" అంది. మిషను చప్పుడది.

దొంగతనం ఆగింది కాబట్టి మంత్రిగారు తొట్టిలో మళ్ళీ ఐసు పోయించమన్నారు. పోశారు. మిషను తిరిగింది. స్వయంగా పరిశీలించడానికి వచ్చిన మంత్రిగారికి, మిషనులోంచి బయటికి పోతున్న నీళ్ళలో చెయ్యి పెట్టగానే మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"ఇంత చల్లగానా? ఎంత ఐసు వృథా అయిపోతోంది! సగం తగ్గించండి."

సగం తగ్గించారు. మిషను అలాగే తిరిగింది. రేడియోలో చెప్పారు. మిగిలినదాంట్లోనూ సగం తగ్గించారు. అలాగే తిరిగింది. మా పత్రికలో మొదటి పేజీలో వేశాం. చివరికి ఒక్క ఐసు ముక్క, మంత్రిగారి గ్లాసులోంచి తీసింది, తొట్టిలో వేశారు. తర్వాత అదీ మానేశారు. ప్రపంచంలోనే మొదటిసారిగా ఐసు అక్కర్లేని సముద్రపు కరెంటును కనిపెట్టినవారిగా క్వారెష్మాగారి పేరు మారుమోగింది. డీజిలు కూడా దుబారాయే కాబట్టి జనరేటరును వెనక్కి తెప్పించి, ఆయన ఇంటి వెనక భద్రపరిచారు. ఆ ఇంట్లో అప్పుడప్పుడు కరెంటు పోతోందని విన్నాను.

పొదుపు అలవాటైన మనిషి ఒకచోట ఆగలేడు. రెండో జాతీయ పతకం అందుకునే సభ కూడా మా ఒడ్డునే పెట్టించారు. మిట్టమధ్యాహ్నం. అధ్యక్షులవారు గొడుగు కింద కూర్చున్నారు. మైకు, లౌడ్‌స్పీకర్లు, అధ్యక్షులవారి ఫ్యాను, అన్నీ మా మిషను కరెంటుతోనే నడుస్తున్నాయి.

"ఈ మిషనుకి రెండు పైపులున్నాయని నా దృష్టికి వచ్చింది," అన్నారు మంత్రిగారు మైకులో. "ఒకటి వేడినీళ్ళది. ఇంకోటి చన్నీళ్ళది. పేద దేశం మనది. ఒక పనికి రెండు పైపులా? ఈ శుభదినాన ఒక పైపుని కోసి జాతికి ఆదా చేస్తున్నాం!"

సిపాయిలు రంపం తెచ్చారు. దాని పిడికి రిబ్బను కట్టి ఉంది. ఫౌష్టీనుగారు మంత్రిగారి చెవిలో అడిగారు, కానీ మైకు దగ్గరే ఉండడంతో అందరికీ వినపడింది.

"ఏది కోయమంటారు సార్? వేడిదా, చల్లదా?"

మంత్రిగారు ఉదారులు. జనంలో కూర్చున్న ఇవొనీల్డాని చూపించి, "ఆ అమ్మాయిని పిలవండి. చదువుకున్న పిల్ల, చెప్తుంది. బుద్ధిగా చెబితే ఉద్యోగం మళ్ళీ ఇచ్చేద్దాం," అన్నారు.

ఆమె వేదిక ఎక్కింది. చిరునామా చెప్పినంత మామూలుగా చెప్పింది. "వేడి పైపు తీస్తే మిషను ఆగిపోతుంది సార్. చల్ల పైపు తీసినా ఆగిపోతుంది."

"అంటే ఏది తీసినా ఒకటే!"

"ఒకటే సార్."

"మరి ఇక తేడా ఏముంది?"

ఇవొనీల్డా ఆయన మొహంలోకి చూసింది. ఆమె పెదవి వణికింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. నవ్వింది. ముందు చిన్నగా, ఆపుకుంటూ. తర్వాత ఆపుకోలేక, పొట్ట పట్టుకుని, వేదిక మీద చతికిలబడి నవ్వింది. జుల్మీరా అందుకుంది. గంపల ఆడవాళ్ళు అందుకున్నారు. అంబ్రోజియు ఇసకలో దొర్లాడు. మంత్రిగారు జనం ఆనందం చూసి తానూ నవ్వారు. ఎందుకో తెలియకపోయినా, వెనకబడకూడదని అధ్యక్షులవారూ నవ్వారు. అలా నవ్వుతూనే అధ్యక్షులవారే రంపం అందుకుని, రెండు పైపుల్లో ఏది నీడలో ఉందో చూసి, దాని దగ్గర కూర్చుని ఒక గాటు పెట్టారు. ఆయన మళ్ళీ గొడుగు కిందికి చేరాక మిగతాది సిపాయిలు పూర్తిచేశారు.

పైపు పెద్ద గుటక మింగినట్టు చప్పుడు చేసింది. మిషను పాట సన్నగిల్లి, నిలిచిపోయింది. పట్టపగలు కాబట్టి దీపాలు ఆరిన సంగతి ఎవరికీ తెలియలేదు. అధ్యక్షులవారి ఫ్యాను ఆగింది, కానీ అప్పటికే ఆయన కునుకులో ఉన్నారు.

మంత్రిగారు మైకు ముందుకొచ్చి ప్రసంగం మొదలుపెట్టారు. పెదవులు కదిలాయి. చేతులు లేచాయి. ఒక చెయ్యి సముద్రం వైపు, ఒక చెయ్యి మా వైపు, తర్వాత రెండూ గుండె మీదికి. ఒక్క ముక్క వినపడలేదు.

వేదిక దిగొచ్చి నా వెనకాల కూర్చున్న ఇవొనీల్డా నవ్వుల మధ్య ఊపిరి తీసుకుంటూ అంబ్రోజియుతో గుసగుసలాడుతోంది. "లారీ టైరు ట్యూబు ఉందా మామా? మందపాటిది. రెండు ఇనప పట్టీలు కూడా కావాలి."

"ఉన్నాయి. ఇప్పుడే తెమ్మంటావా?"

"ఆయన కారు మలుపు తిరగనీ."

జుల్మీరా చప్పట్లు కొట్టింది. ఊరంతా కొట్టింది. అరుపులు, ఈలలు. మంత్రిగారికి ఉత్సాహం పెరిగి ఇంకాసేపు మాట్లాడారు. మళ్ళీ చప్పట్లు. ఇంకాసేపు. ఆయన ఇచ్చిన ప్రసంగాలన్నీ నేను విన్నాను. మా ఊరి జనం ఒక్కరూ లేచి వెళ్ళకుండా, చివరిదాకా అంత సంతోషంగా విన్న ప్రసంగం అదొక్కటే.